అభిప్రాయం అడిగిన తర్వాత వినాలి

స్క్రిప్టు రాసి పదిమందికి పంపినవాళ్లు ఆ పదిమంది చెప్పేది వినాలా, అక్కర్లేదా అన్న వాదన మా పాలమూరు, నల్లగొండ వైపు షార్ట్ ఫిల్ములు తీసే పిల్లల మధ్య తరచూ వస్తుంది. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, దేవరకొండ, మిర్యాలగూడ, ఎటు చూసినా ఇప్పుడు రాసేవాళ్లు ఉన్నారు, ఫోన్లోనే టైపు చేసి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పెడతారు, కింద "చదివి చెప్పండి అన్నా" అని ఒక లైను. నాకూ వస్తుంటాయి. చదువుతాను, చదివాక అనిపించింది ఉన్నదున్నట్టు చెప్తాను. అందుకే ఈ విషయంలో నా మాట ముందే చెప్పేస్తున్నా: వినాలి. అడిగిన తర్వాత తప్పకుండా వినాలి. అయితే వినడం వేరు, చెప్పినట్టల్లా మార్చడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం గొడవలు, సగం అలకలు.

వద్దు అనేవాళ్ల మాటలోనూ న్యాయం లేకపోలేదు. "ఇది నా ఊరి కథ, మా అమ్మ కథ, ఇందులో ఏముండాలో ఎవరో ఎందుకు చెప్పాలి" అంటారు. కవిత్వం రాసి ఆ మాట అంటే నేను నోరు మూసుకుంటాను. కవిత అచ్చులో పడ్డాక అదే దాని చివరి రూపం, కవికీ పాఠకుడికీ మధ్య ఎవరూ ఉండరు. స్క్రిప్టు అట్లా కాదు. దాన్ని డైరెక్టరు చదవాలి, కెమెరామ్యాన్ చదవాలి, నటించేవాళ్లు చదివి నోటికి తెచ్చుకోవాలి, డబ్బు పెట్టేవాడు చదివి బడ్జెట్ లెక్క వేసుకోవాలి, చివరికి ఎడిటర్ దగ్గర సీన్లు అటుదిటు అవుతాయి. ఇంతమంది చేతుల్లోంచి పోయే కాగితం గురించి మొదటి పాఠకుడు ఒక మాట అంటేనే తట్టుకోలేకపోతే, షూటింగ్ రోజు నటుడు "ఈ డైలాగ్ నోరు తిరగట్లేదు, మార్చండి" అన్నప్పుడు ఏం చేస్తారు? అక్కడ లైట్లు, కెమెరా అద్దె గంటల లెక్కన నడుస్తుంటుంది, అలగడానికి టైం ఉండదు.

బొంబాయి, పూణె వలస మీద రాసిన స్క్రిప్టులు మా దగ్గర ఎక్కువ. ఎందుకో చెప్పనక్కర్లేదు, దేశంలో డ్యాములు, కాలువలు కట్టిన చోటల్లా పాలమూరు లేబర్ పేరు వినపడుతుంది. అలాంటి ఒక స్క్రిప్టులో ఐదేళ్ల తర్వాత భర్త ఇంటికొచ్చే రాత్రి ఉంది. భార్య గడప దగ్గర నిలబడి ఉంటుంది. "ఐదేళ్ల ఒంటరితనం ఆమె గుండెలో సుడులు తిరిగింది" అని రాశాడు రాసినాయన. చదివిన ఒకావిడ, "ఇక్కడ ఆమె సంతోషంగా ఉందా, కోపంగా ఉందా, నాకు తెలియలేదు" అంది. దానికి ఆయన జవాబు, "ఇంకోసారి చదవండి, లోతు ఉంది." లోతు ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ సుడి కెమెరాకి కనిపించదు. నటి గడప దగ్గర నిలబడి ఏం చేయాలి? అదే, ఆమె రోజూ తినే ఒక్క కంచం మాత్రం కింద బోర్లించి ఉంది, రెండో కంచం కోసం స్టూలు ఎక్కి అటక మీద వెతుకుతోంది, దొరికిన దాని మీద దుమ్ము కొంగుతో తుడుస్తోంది అని రాస్తే, ఆ ఇంట్లో ఐదేళ్లు రెండో కంచంతో పనిపడలేదని చూసేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ ఆ మార్పు చెప్పలేదు. ఎక్కడ అర్థం కాలేదో అంతే చెప్పింది. పాఠకుల నుంచి మనకి కావలసింది కూడా అంతే.

"మళ్లీ చదవండి" అనే జవాబు నాకు అస్సలు నచ్చదు. సినిమా చూసేవాడికి మళ్లీ చదివే వీలు లేదు. మహబూబ్‌నగర్‌లో టికెట్ కొని కూర్చున్న మనిషి పక్కన రచయిత నిలబడి "ఇక్కడ నా ఉద్దేశం ఇదండీ" అని చెప్పడు కదా. కాబట్టి స్క్రిప్టు చదివినవాళ్లకి వివరణ ఇచ్చి ఒప్పించినా లాభం ఏమీ లేదు. ఆ ఒక్క మనిషి ఒప్పుకుంటాడు, కాగితం మాత్రం ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది, రేపు చదివే ఇంకొకరు అదే పేజీలో ఆగిపోతారు.

తెలుగు సినిమా వాళ్లు ఈ పనిని ఎప్పట్నుంచో ఇంకో పేరుతో చేస్తూనే ఉన్నారు. సిట్టింగ్స్ అంటారు, కథా చర్చలు అంటారు. గదిలో నలుగురు కూర్చుంటారు, ఒకరు సీన్ చెప్తారు, మిగతావాళ్లు విరగ్గొడతారు, మళ్లీ అతికిస్తారు. నెరేషన్ అయితే ఇంకా కఠినం. హీరో ముందో నిర్మాత ముందో కూర్చుని రెండు గంటలు నోటితో కథంతా చెప్పాలి, ఎదుటి మనిషి ఎక్కడ ఫోన్ తీసి చూశాడో, ఎక్కడ ముందుకి వంగి కూర్చున్నాడో చెప్తూనే గమనించుకోవాలి. ఊళ్లో ఉండి రాసేవాడికి ఆ గది దొరకదు. వాడికున్నది పీడీఎఫ్ ఒక్కటే, దాన్ని తెరిచి చదివే నలుగురే వాడి గది. ఆ తలుపు తనే వేసుకుంటే ఎట్లా?

మన దగ్గర కళ ఎప్పుడూ జనం ముఖం చూస్తూ నడిచిందే. బుర్రకథ చూడండి. కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు, పక్కన ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. మధ్యలో అడ్డం తగిలి ప్రశ్నలడుగుతారు, కింద కూర్చున్నవాడికి వచ్చే డౌటు ముందే వీళ్ల నోట వస్తుంది. ప్రశ్నించేవాణ్ణి కథలోనే పాత్రగా పెట్టుకున్న రూపం అది. నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు లాంటివాళ్లు గొల్లసుద్దులు, బుర్రకథలు, పాటలు పట్టుకుని జనం ముందుకే పోయారు. అక్కడ పాట నచ్చకపోతే నచ్చలేదని కాగితం రాసి ఇవ్వరు, లేచి పోతారు. దానికంటే నిక్కచ్చి అభిప్రాయం ఇంకేముంటుంది.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. అభిప్రాయానికి మండిపడే రచయితలు ఒక విషయం ఆలోచించడం లేదని నాకనిపిస్తుంది. మీరు ఒకసారి గట్టిగా తగులుకుంటే మీ దగ్గర్నుంచి మొదట ఎవరు తప్పుకుంటారు? నోటిదూల ఉన్నవాడు తప్పుకోడు. వాడికి గొడవే కావాలి, మీ కోపం వాడికి పండగ. తప్పుకునేది నెమ్మదస్తులు. రాత్రి పనంతా అయ్యాక కూర్చుని మీ నలభై పేజీలూ చదివి, మనసు నొప్పించకుండా ఎట్లా చెప్పాలా అని ఆలోచించి నాలుగు లైన్లు రాసిన మనిషి, మీరు ఎదురు వాదిస్తే ఇంకోసారి రాయరు. తర్వాతి స్క్రిప్టుకి ఆ మనిషి పెట్టేది "సూపర్ అన్నా" అని ఒక్క మాట, ఒక బొటనవేలు బొమ్మ. మీరు దాన్ని మెచ్చుకోలు అనుకుంటారు. నిజానికి ఆ మనిషి మీ స్క్రిప్టు తెరిచి ఉండకపోవచ్చు కూడా. మనవాళ్లకి అసలే మొహమాటం ఎక్కువ. తెలిసినవాడి ముఖం మీద బాగాలేదని చెప్పడం కంటే తప్పించుకు తిరగడం తేలిక. ఆ మొహమాటాన్ని దాటి ఒకరు నిజం చెప్పడమే కష్టమైన పని, దాన్ని మనమే ఆపేస్తే చుట్టూ మిగిలేది "కేక", "మస్తుంది", "దుమ్ము లేపినవ్". వాటితో షూటింగ్‌కి పోయి, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి, చివరికి యూట్యూబ్‌లో పెట్టాక జనం రెండో నిమిషంలో మూసేస్తే అప్పుడు ఏడిస్తే ఏం లాభం. ఆ రెండో నిమిషం సంగతి స్క్రిప్టు రెండో పేజీలోనే ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది.

వచ్చే అభిప్రాయాలన్నీ ఒకటి కాదు. వెంటనే తీసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి, అవి వాస్తవానికి సంబంధించినవి. వలస కథ రాసి, మేస్త్రి నెలాఖరుకి జీతం కవర్లో పెట్టి ఇచ్చినట్టు రాస్తే, ఆ పని చేసొచ్చిన పెద్దాయన ఎవరైనా చదివి "గుంపు మేస్త్రి గట్ల ఇయ్యడు బిడ్డా, ముందుగాల అడ్వాన్స్ ఇచ్చి తోల్కపోతడు, ఆ బాకీ తీరేదాంక చేస్తనే ఉండాలె" అంటాడు. ఈ మాట బంగారం. ఇది కేవలం తప్పు దిద్దడం కాదు, మీ కథకి కొత్త ప్రాణం ఇస్తుంది. మీ హీరో ఇంటికి ఎందుకు రాలేకపోయాడో ఆ అడ్వాన్సులోనే ఉంది, మీరు దాని కోసం యాక్సిడెంట్లు, విలన్లు కల్పించక్కర్లేదు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ మీద రాసేవాళ్లకీ ఇదే చెప్తాను. బాగా నడిచే మనిషి ఆ ఊరి నీళ్లు తాగి ఒక్క ఏడాదికే వంగిపోయినట్టు రాస్తే ఆ నీళ్ల బాధ చూసిన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మనిషి ఒప్పుకోడు. పిల్లల పళ్ల మీద గారలు చిన్నప్పుడే పడతాయి, ఎముకలు వంగడానికి ఏళ్లకేళ్లు ఆ నీళ్లు తాగాలి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్, దాటినా కంటికి కనపడదు, నాలుకకి తెలియదు. అట్లా నెమ్మదిగా, తెలియకుండా వచ్చే నష్టాన్ని తెర మీద ఎట్లా చూపించాలి అన్నదే మీ అసలు ప్రశ్న. ఏడాదిలో వంచేస్తే ఆ ప్రశ్నని తప్పించుకున్నట్టే. సినిమా వాళ్లని మాత్రమే కాకుండా ఆ బతుకు బతికినవాళ్లని కూడా చదివించండి అని నేను పట్టుబట్టేది ఇందుకే. వాళ్లకి చదవడం రాకపోతే చదివి వినిపించండి.

రెండో రకం, ఎక్కడో తేడా ఉందని తెలిసి కూడా ఏమిటో చెప్పలేకపోయే అభిప్రాయాలు. "స్లోగా ఉంది." "హీరోయిన్ క్యారెక్టర్ వీక్." "ఎండింగ్ బాగాలేదు." ఇట్లాంటివి విన్నప్పుడు కోపం వస్తుంది, ఎందుకంటే వాటిని పట్టుకుని ఏం చేయాలో తెలియదు. నేను చదివినంతలో, స్లోగా ఉంది అంటే చాలాసార్లు సీన్లు పొడుగని కాదు, ఆ మనిషికి ఏం కావాలో పాఠకుడికి ఇంకా తెలియలేదని. ఏం కావాలో తెలిస్తే మనిషి బస్టాండ్‌లో బస్సు కోసం ఎదురుచూసే సీన్ కూడా టెన్షన్‌గానే ఉంటుంది. క్యారెక్టర్ వీక్ అంటే ఆమె కథ మొత్తంలో సొంతంగా ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదని, ఎంతసేపూ ఎవరో ఏదో చేస్తే ఆమె ఏడుస్తోందని. ఎండింగ్ బాగాలేదంటే తప్పు తరచుగా మొదటి పది పేజీల్లో ఉంటుంది, అక్కడ అడగని ప్రశ్నకి చివర్లో జవాబు ఇస్తుంటాం. అందుకే పాఠకుడు ఎక్కడ ఆగాడో దాన్ని నమ్మాలి, ఎట్లా మార్చాలో చెప్పింది మాత్రం నమ్మక్కర్లేదు. ఆగిన చోటు గురించి అతనికి తెలిసినంత మీకు తెలియదు, మార్చే పని గురించి మీకు తెలిసినంత అతనికి తెలియదు. ఒకరు నాయనమ్మ పాత్ర తీసేయమంటే ఇంకొకరు నాయనమ్మే ప్రాణం అన్నారనుకోండి, అప్పుడు ఇద్దర్నీ కొట్టిపారేయకండి. ఆ పాత్ర దగ్గర ఏదో వేడి ఉంది, పోయి చూడండి. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే పేజీ దగ్గర ఆగిపోతే మాత్రం ఇక వాదన పెట్టుకోవద్దు.

ఫార్మాట్ గురించి చెప్పేవాటిని ఎక్కువ మనసుకి తీసుకోకండి. ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లిష్‌లో ఒక ఫాంటు, ఒక సైజు పట్టుకుని పుట్టింది, తెలుగు లిపిలో అది అట్లాగే కుదరదు. పేజీకి ఎడమ వైపు దృశ్యం, కుడి వైపు మాటలు రాసే పాత పద్ధతీ ఉంది, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు డైలాగులు రాసేవాళ్లూ ఉన్నారు. చదివేవాడికి ఎవరు మాట్లాడుతున్నారో, ఎక్కడ ఉన్నారో, పగలో రాత్రో తెలిస్తే చాలు.

తోసిపుచ్చాల్సినవీ ఉన్నాయి, వాటి విషయంలో నేను మెత్తగా ఉండను. "ఈ యాస అందరికీ అర్థం కాదు, డైలాగులు మార్చు" అనే మాట మా పిల్లలు చాలాసార్లు విన్నారు. ఏళ్లకేళ్లు తెలుగు సినిమాలో తెలంగాణ మాట కమెడియన్ నోట్లోనో విలన్ నోట్లోనో ఉండేది, ప్రేమించే మనిషి, ఏడ్చే తల్లి ఇంకో భాష మాట్లాడేవాళ్లు. ఆ అలవాటు నుంచి వచ్చిన మాటని అభిప్రాయం అనే పేరుతో ఇస్తే తీసుకోవద్దు. నారాయణపేట ముసలమ్మ నారాయణపేట ముసలమ్మలాగే మాట్లాడాలి. ఒక మాట అర్థం కాలేదంటే ఆ ఒక్క మాట దగ్గర సీన్ ఇంకొంచెం స్పష్టంగా రాయండి, అంతేగాని మనిషి నోరు మార్చకండి. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు వచ్చింది. దానికి పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి తిట్లతో జవాబివ్వలేదు. ఊరూరి నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. తప్పుడు తీర్పుకి అంత పనితో జవాబు చెప్పిన మనిషి ఈ నేల మీదే ఉన్నాడు. ఆయన కూడా ఆ మాట విన్నాడు, విన్నాకే కదా పనికి దిగింది. వినకుండా చెవులు మూసుకుని ఉంటే ఆ సంచికే లేదు.

ఆడపిల్లలు రాసి పంపినప్పుడు ఇంకో సమస్య. స్క్రిప్టు గురించి మాట్లాడాలంటూ రాత్రి పదకొండింటికి ఫోన్లు, "ఒకసారి కలుద్దాం, ఎదురుగా చెప్తా" అనే మెసేజులు. అభిప్రాయం వినాలి అంటే ఇవన్నీ భరించాలని ఎవరైనా చెప్తే అది అబద్ధం. చెప్పేది రాసి పంపమనండి, రాయకపోతే బ్లాక్ చేయండి. కులం పేరు పెట్టి, ఊరి పేరు పెట్టి మాట్లాడేవాళ్లకీ ఇదే జవాబు.

కథ కొట్టేస్తారన్న భయం సంగతి. చాలామంది ముడుచుకుపోయేది దీనివల్లే, చదివిన ప్రతివాణ్ణీ దొంగలాగా చూస్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే ఆ రాత మీద హక్కు మీది, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే, మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రిజిస్టర్ చేయిస్తే సాక్ష్యానికి బలం, హైదరాబాద్‌లో సినీ రచయితల సంఘం, ఢిల్లీలో కేంద్ర కాపీరైట్ ఆఫీసు ఉన్నవి అందుకే. కాకపోతే చట్టం కాపాడేది ఐడియాని కాదు, మీరు దాన్ని రాసిన తీరుని. 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని ఆయన వేసిన దావా నిలబడలేదు. రెండూ చూసినవాడికి రెండోది మొదటిదాని నకలే అని గట్టిగా అనిపించాలి, ఇతివృత్తం కలిస్తే సరిపోదు అంది కోర్టు. అంటే "వలస కూలీ తిరిగొస్తాడు" అన్నది ఎవరి సొత్తూ కాదు, అటక మీద కంచం వెతికే సీన్ రాసినవాడిది. కాబట్టి ఒక్క లైను ఐడియా పట్టుకుని తిరక్కండి, పూర్తిగా రాయండి, తేదీ కనపడేలా మీ మెయిల్‌కి మీరే ఒక కాపీ పంపుకోండి, రిజిస్టర్ చేయించుకోండి, తర్వాత నమ్మకమున్న నలుగురికి ఇవ్వండి. భయం తీరడానికి మార్గాలున్నాయి, పాఠకుణ్ణి అనుమానించడం మాత్రం వాటిలో ఒకటి కాదు.

ఇంకో విషయం, ఎప్పుడు చూపించాలి అన్నది. ఇంకా తలలో సగం ఉన్న కథని అందరికీ చెప్పేస్తే అది నలిగిపోతుంది, అప్పుడు ఒక్కరు ముఖం చిట్లించినా రాయాలన్న కోరిక చచ్చిపోతుంది. ఆ దశలో ఎవరికీ చూపించకపోవడం మీ హక్కు, దాన్ని నేను గౌరవిస్తాను. షెడ్యూల్ వేసుకుని, నటుల డేట్లు తీసుకుని, రేపు షూటింగ్ అనగా పంపి "ఎట్లుంది" అని అడిగితే అదీ దండగే. ఈ రెండింటి మధ్య, ఒక డ్రాఫ్టు పూర్తయి, మార్చడానికి ఓపికా టైమూ ఉన్నప్పుడు పంపండి. కేవలం మెచ్చుకోలు కావాలంటే ఆ మాటే రాయండి, "ఇది అయిపోయింది, చదివి సంతోషించండి" అని. అందులో తప్పేమీ లేదు, చదివేవాళ్లకి కూడా ఏం చేయాలో తెలుస్తుంది. అభిప్రాయం అడిగి మెచ్చుకోలు కోసం ఎదురుచూడటం దగ్గరే మనుషుల మధ్య మనసులు విరుగుతున్నాయి.

చెప్పేవాళ్లకి కూడా నా మనవి ఒకటుంది. పూర్తిగా చదవకుండా చెప్పకండి, చదవలేకపోతే ఎన్నో పేజీలో వదిలేశారో అది చెప్పండి, అదే పెద్ద సాయం. రాసిన మనిషి చదువు గురించి, వయసు గురించి మాట్లాడకండి. మీరైతే ఎట్లా రాసేవాళ్లో చెప్పకండి, అది మీ స్క్రిప్టు కాదు. ఇరవై ఏళ్ల పిల్ల వనపర్తి హాస్టల్లో కూర్చుని మొదటిసారి రాసి పంపిందంటే దాని వెనక ఎంత ధైర్యం ఉందో గుర్తుంచుకుని మాట్లాడండి. మెత్తగా చెప్పినా నిజమే చెప్పండి. ఆమె దగ్గర షూటింగ్‌కి ఉన్న డబ్బు ఒక్కసారికే సరిపోతుంది.

నాకు పంపాలనుకునేవాళ్లు పైన రెండు లైన్లు రాయండి చాలు, ఇది ఎన్నో డ్రాఫ్టు, మీకు ఏ సీన్ మీద డౌటుంది అని. నేను చదివాక ఎక్కడ ఆగానో, ఎవరు గుర్తుండిపోయారో, ఎవరు గుర్తులేరో రాసి పంపుతాను. దానికి "అందింది" అని ఒక్క మాట చాలు. మార్చారా లేదా అని నేను అడగను.